షార్ట్ సర్క్యూట్ అంటే సరిపోతుందా?

ఫ్యాక్టరీలో పేలుడు జరిగి మనుషులు చనిపోయిన ప్రతిసారీ మర్నాటి పత్రికల్లో ఒక వాక్యం కనిపిస్తుంది. షార్ట్ సర్క్యూట్ వల్ల ప్రమాదం జరిగి ఉండవచ్చునని అధికారులు ప్రాథమికంగా భావిస్తున్నారని. ఆ మాట చదవగానే మనకు అంతా అర్థమైపోయినట్లు ఉంటుంది. కరెంటు కదా, ఎప్పుడో ఒకప్పుడు నిప్పురవ్వ రాలుతుంది, దానికి ఎవరేం చేస్తారు అనుకుంటాం. పిడుగుపాటునూ తుఫానునూ చూసినట్లే దీన్నీ చూస్తాం. మంత్రులు ఆసుపత్రికి వెళ్లి పరామర్శిస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, విచారణ సంఘం వేస్తారు. ఆ తర్వాత మరో పేలుడు జరిగేదాకా అందరం మరిచిపోతాం. మండే పదార్థాల మధ్య రవ్వ పుట్టడమన్నది ఎవరూ ఊహించని వింత కాదనీ, అది పుడుతుందని ముందే తెలిసి దానికి తగిన పరికరాలు, పద్ధతులు, చట్టాలు వందేళ్లుగా తయారవుతూ వచ్చాయనీ మనలో చాలామందికి తెలియదు. తెలియకపోవడం వల్ల ఎవరికి లాభమో ఈ సంచికలో చర్చించాలనుకుంటున్నాను.

స్త్రీల హక్కుల పత్రికకు మోటార్లతో, ప్యానెల్ బోర్డులతో ఏం పని అని అడిగేవారుంటారు. 2014 అక్టోబరు 20న, దీపావళికి ముందు, తూర్పు గోదావరి జిల్లా వాకతిప్పలో బాణాసంచా తయారుచేసే చోట పేలుడు జరిగింది. చనిపోయినవారిలో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూలికి వచ్చిన స్త్రీలే. 2023 డిసెంబరు 17న నాగపూర్ దగ్గర బజార్‌గావ్‌లోని పేలుడు పదార్థాల ఫ్యాక్టరీలో తొమ్మిదిమంది చనిపోతే అందులో ఆరుగురు స్త్రీలు. పేలే వస్తువులు నింపడం, చుట్టడం, ప్యాక్ చేయడం, పొడి ఊడవడం, డ్రమ్ములు కడగడం మన దేశంలో స్త్రీల పనిగా స్థిరపడిపోయాయి. ఓపిక ఎక్కువ, వేళ్లు సన్నం, కూలి తక్కువ అన్నవి దీనికి చెప్పే కారణాలు. కరెంటు పని, ఇంజనీరింగు, భద్రతా శాఖ మాత్రం మగవాళ్లవి. ప్రమాదం ఒకరి చేతిలోనూ దాని గురించిన జ్ఞానం మరొకరి చేతిలోనూ ఉన్నాయి. నేను దీన్ని సాంకేతిక విషయంగా చూడలేకపోవడానికి ఈ విభజనే కారణం.

ముందు ఆ జ్ఞానం ఏమిటో చూద్దాం. అది మనం అనుకున్నంత కఠినమైనదేమీ కాదు. వంటింట్లో గ్యాసు వాసన వస్తే లైటు వేయకూడదనీ, వెలుగుతున్న లైటు ఆర్పకూడదనీ మనందరికీ తెలుసు. స్విచ్ వేసినా తీసినా లోపల చిన్న రవ్వ పుడుతుంది. మామూలు రోజుల్లో దానివల్ల ఏమీ కాదు. గాలిలో గ్యాసు కలిసి ఉన్నప్పుడు అదే రవ్వ ఇంటిని కూలుస్తుంది. ఫ్యాక్టరీలో సూత్రమూ ఇదే. మండే పదార్థం, గాలి, నిప్పు తగిన పాళ్లలో ఒకచోట చేరితే పేలుడు జరుగుతుంది. సాల్వెంట్లు వాడే మందుల ఫ్యాక్టరీల్లో, రంగుల ఫ్యాక్టరీల్లో, పెట్రోలు నిల్వచేసే చోట్ల మొదటి రెండింటినీ పూర్తిగా తీసేయడం సాధ్యం కాదు. కాబట్టి అక్కడ నిప్పు పుట్టకుండానో, పుట్టినా బయటికి రాకుండానో చూసుకోవాలి.

అందుకోసం ఫ్యాక్టరీ స్థలాన్ని జోన్లుగా విభజిస్తారు. మండే ఆవిరి ఎప్పుడూ, లేదా చాలాసేపు ఉండే చోటు జోన్ 0. మామూలు పనిలో అప్పుడప్పుడు వచ్చే చోటు జోన్ 1. మామూలుగా రాకూడదు, వచ్చినా కొద్దిసేపే ఉంటుంది అనుకునే చోటు జోన్ 2. మండే పొడి ఉన్నచోట ఇవే 20, 21, 22 అవుతాయి. ఏ జోన్‌లో ఏ రకం మోటారు, ఏ రకం లైటు, ఏ స్విచ్ పెట్టవచ్చో భారత ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ పరికరం పైభాగం ఎంత వేడెక్కవచ్చో కూడా దాని రేకు మీద రాసి ఉంటుంది. టీ4 అని ఉంటే 135 డిగ్రీలు దాటదని అర్థం, టీ6 అంటే 85 డిగ్రీలు. రవ్వ లేకపోయినా వేడెక్కిన మోటారు ఒక్కటే కొన్ని ఆవిరులను అంటించగలదు కాబట్టి ఈ లెక్క.

ఫ్లేమ్‌ప్రూఫ్ అన్న మాట పారిశ్రామిక వాడల్లో అందరి నోటా వినిపిస్తుంది. అది గాలి చొరని పెట్టె అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆవిరి లోపలికి పోతుందనీ, లోపల చిన్న పేలుడు జరుగుతుందనీ ఒప్పుకునే ఆ పెట్టెను తయారుచేస్తారు. ఆ పేలుడును తట్టుకునేంత మందంగా గోడలుంటాయి. మూతకూ పెట్టెకూ మధ్య సన్నని సందులోంచి బయటికి వచ్చేలోగా మంట చల్లారిపోతుంది. ఇదంతా ఆ మూతకున్న బోల్టులన్నీ బిగించి ఉంటేనే. రిపేరు చేసినవాడు పది బోల్టులు విప్పి ఆరు బిగించిపోతే, వైరు దూర్చిన చోట సరైన గ్లాండ్ బదులు గుడ్డ ముక్క కుక్కితే, అది ఖరీదైన మామూలు పెట్టె మాత్రమే. తక్కువ రేటుకు మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఇచ్చినప్పుడు యాజమాన్యం మిగుల్చుకునేది ఆ నాలుగు బోల్టులు బిగించే సమయాన్నే.

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21 మధ్యాహ్నం జరిగిన దుర్ఘటనను ఈ వెలుగులో చూడాలి. అధికారులు చెప్పిన ప్రకారం, ఒక మందుల ఫ్యాక్టరీలో పైపు నుంచి కారిన సాల్వెంటు కింది అంతస్తులోని ఎలక్ట్రికల్ ప్యానెల్ మీద పడింది. ఆవిరి అంటుకుని భవనం కూలింది. 17 మంది చనిపోయారు. చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు కూడా అందులో ఉన్నారు. దీన్ని కూడా కరెంటు ప్రమాదమని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. కానీ అడగవలసినవి వేరే ఉన్నాయి. సాల్వెంటు పైపుల కింద ఆ ప్యానెల్‌ను పెట్టాలని నిర్ణయించినదెవరు? ఆ చోటు ఏ జోన్ కిందికి వస్తుందని పటంలో రాశారు? కారడం మొదలైనప్పుడు ఆవిరిని పసిగట్టి గంట మోగించే యంత్రం ఉందా? కరెంటు తీసేయమని, అందరినీ బయటికి పంపమని ఆజ్ఞ ఇచ్చే అధికారం అక్కడున్న ఎవరికి ఉంది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసినవాళ్లకు పేర్లూ హోదాలూ ఉంటాయి. షార్ట్ సర్క్యూట్‌కు అవి ఉండవు.

ఇవి కొత్తగా కనిపెట్టిన ప్రశ్నలు కావు. 1913 అక్టోబరు 14న వేల్స్‌లోని సెంగెనిడ్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 439 మంది గని కార్మికులు చనిపోయారు. సంకేతాలిచ్చే కరెంటు గంటల వైర్ల దగ్గర పుట్టిన రవ్వ గ్యాసును అంటించి ఉండవచ్చన్న అనుమానం విచారణలో వచ్చింది. అటువంటి ప్రమాదాల తర్వాత సాగిన పరిశోధనల నుంచే, రవ్వ పుట్టినా గ్యాసును అంటించలేనంత తక్కువ శక్తితో సర్క్యూట్లు తయారుచేసే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని వాడుతున్నారు. అక్కడ కూడా న్యాయం మాత్రం అంతంతే. గని మేనేజరుకు పడిన జరిమానా 24 పౌండ్లు. ప్రాణానికి ఎంత విలువ కట్టారో లెక్క వేసుకోవచ్చు. విజ్ఞానం విషయంలో మనం ఆ రోజుల్ని దాటి వచ్చాం. జవాబుదారీతనం విషయంలో దాటామా?

ఆవిరి గురించి ఇంతో అంతో మాట్లాడుకుంటున్నాం గాని, పొడి గురించి అసలు మాట్లాడుకోవడం లేదు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో పేలుడు జరిగిన ఫ్యాక్టరీలో తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. అంటే మాత్రలు గట్టిపడటానికి కలిపే తెల్లటి పొడి, విషం కాదు. అక్కడ 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవారు. మృతదేహాలను డి.ఎన్.ఏ. పరీక్షలతో గుర్తించవలసి వచ్చింది. కొందరి ఆనవాళ్లు దొరకనే లేదు. ఆ రోజు లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్క కూడా వెంటనే తేలలేదు. గేటు దగ్గర ఫోటోలు పట్టుకుని రోజుల తరబడి నిలబడ్డ భార్యలనూ తల్లులనూ టీవీల్లో చూశాం.

విషం కాని పొడి పేలుతుందా అన్న సందేహం రావచ్చు. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక చక్కెర శుద్ధి కర్మాగారం పేలిపోయి 14 మంది చనిపోయారు. పేలినది మనం కాఫీలో వేసుకునే చక్కెర, సన్నని ధూళి రూపంలో. మండే గుణమున్న ఏ పొడయినా, పిండి, పసుపు, కలప, ప్లాస్టిక్, మందుల పొడి ఏదయినా, గాలిలో మబ్బులా లేచినప్పుడు ఒక్క రవ్వ చాలు. మొదటి పేలుడు చిన్నదే కావచ్చు. దాని ఊపుకు దూలాల మీద, పైపుల మీద, లైట్ల మీద నెలల తరబడి పేరుకున్న ధూళి ఒక్కసారి లేచి రెండో పేలుడు జరుగుతుంది. ఎక్కువమందిని చంపేది ఈ రెండోదే. మోటారు మీద మందంగా పేరుకున్న పొడి దాని వేడిని బయటికి పోనివ్వక తానే కమిలి అంటుకుంటుంది కూడా.

ఇక్కడికి వచ్చేసరికి చీపురు పట్టుకున్న స్త్రీ మన చర్చ మధ్యలోకి వస్తుంది. పరిశోధన పని మీద హైదరాబాదు చుట్టుపక్కల పారిశ్రామిక వాడల్లో స్త్రీ కార్మికులతో మాట్లాడుతుంటాను. పొడి తయారయ్యే చోట ఊడ్చే పనిచేసే ఒకామెను, ఆ పొడి గురించి మీకేం చెప్పారని అడిగాను. ‘మూతికి గుడ్డ కట్టుకొమ్మంటరు మేడమ్, లోపలికి పోతదని. అది అంటుకుంటదని ఎవ్వరు చెప్పలె’ అంది. ఏ మోటారు మీద ఎన్ని రోజులకు ఎంత మందాన పొడి పేరుకుంటుందో ఆమెకు తెలిసినంతగా ఏ ఆడిటరుకూ తెలియదు. ఏ స్విచ్ దగ్గర చిటపట చప్పుడు వస్తుందో కూడా ఆమే చెప్పగలదు. కానీ రిజిస్టరులో ఆమె ‘హెల్పర్’. భద్రతా శిక్షణ పర్మనెంటు వాళ్లకు. మాక్ డ్రిల్ నాడు కాంట్రాక్టు వాళ్లకు సెలవు. పొడి చీపురుతో ఊడిస్తే ధూళి గాలిలోకి లేస్తుంది, అదే ప్రమాదం. అటువంటి చోట వాడవలసింది పేలుడు జరగకుండా ప్రత్యేకంగా తయారుచేసిన వాక్యూమ్ యంత్రం. దాని ఖరీదుతో పోలిస్తే ఆమె కూలి చవక.

బట్టల సంగతి కూడా చెప్పుకోవాలి. నైలాను, పాలిస్టరు చీర ఒంటికి రాసుకున్నప్పుడు చిటచిటమనడం మనకు తెలుసు. మన చర్మానికి తెలిసేటంత స్టాటిక్ రవ్వలో ఒక మిల్లీజౌల్ లేదా అంతకంటే ఎక్కువ శక్తి ఉంటుంది. చాలా సాల్వెంట్ల ఆవిరులు అంటుకోవడానికి అందులో నాలుగో వంతు సరిపోతుంది. కాబట్టి అక్కడ నూలు బట్టలు, ఒంటిలోని చార్జిని నేలకు పంపే ప్రత్యేకమైన బూట్లు కావాలి. ఆ బూట్లు మగవారి సైజుల్లోనే తెప్పిస్తారు. స్త్రీలు రబ్బరు చెప్పులతోనే లోపలికి వెళతారు. ప్రమాదం జరిగాక మాత్రం ‘చీర కట్టుకొచ్చింది’ అన్న మాట ముందుకొస్తుంది.

1916లో, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, ఇంగ్లండులో లీడ్స్ దగ్గర బార్న్‌బో మందుగుండు ఫ్యాక్టరీలో పనిచేసే స్త్రీలు తలపిన్నులు కూడా తీసేసి, బట్టలు మార్చుకుని, రబ్బరు సోళ్ల చెప్పులతో లోపలికి వెళ్లాలి. అంత కట్టుదిట్టమైన నియమాలు. ఆ ఏడాది డిసెంబరు 5న జరిగిన పేలుడులో 35 మంది స్త్రీలు చనిపోయారు. యుద్ధం పేరుతో ఆ వార్తను తొక్కిపెట్టారు. నియమాలు అనవసరమని నేననడం లేదు. స్త్రీ జడలోని పిన్ను దాకా వెతికే కళ్లు యంత్రం మీద, దాని మరమ్మతు మీద, గదిలో ఎంత మందుగుండు పోగుచేశారన్న దాని మీద కూడా అంతే నిశితంగా పడాలి అంటున్నాను. సెల్‌ఫోన్ సంగతీ అంతే. మామూలు ఫోను మండే ఆవిరి ఉన్నచోట వాడకూడని ఎలక్ట్రికల్ పరికరమే, గేటు దగ్గర తీసుకోవడం సరైనదే. కానీ ఇంట్లో పిల్లకు జ్వరం వస్తే ఆ కబురు లోపలున్న తల్లికి చేర్చే మనిషిని ఆ గేటు దగ్గర పెట్టాలి కదా. లేకపోతే ఆమె ఫోనును దాచుకుని లోపలికి తీసుకెళుతుంది. తప్పు ఆమెదవుతుంది.

ఇక చట్టం. 1984లో భోపాల్‌లో అన్ని వేలమంది చనిపోయాక, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణలు కొన్ని మంచి హక్కులిచ్చాయి. ప్రమాదాల గురించిన సమాచారాన్ని కార్మికులకు తెలపడం తప్పనిసరి అయింది. యాజమాన్యం, కార్మికులు సమాన సంఖ్యలో ఉండే భద్రతా సంఘం రావాలన్నారు. ప్రాణాపాయం ఉందని హెచ్చరించే హక్కు కార్మికుడికి ఇచ్చారు. ఆ చట్టం స్థానంలో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి ఉండవలసిన కార్మికుల సంఖ్య 10 నుంచి 20కి పెరిగింది. కరెంటు లేని చోట 20 నుంచి 40కి. ప్రమాదకరమైన పనులకు సంఖ్యతో నిమిత్తం లేకుండా కోడ్‌ను వర్తింపజేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. అది ఏ షెడ్డు దాకా వస్తుందో మనం కాపలా కాయవలసిందే. ఇన్‌స్పెక్టరు పేరు ఇప్పుడు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’. తనిఖీ చేసేవాడే సౌకర్యం కల్పించేవాడు కూడా అయినప్పుడు, ఎవరి సౌకర్యం అన్నది అడగాలి.

ఈ కోడ్ స్త్రీలను అన్ని రకాల పనుల్లోకీ, వాళ్ల సమ్మతితో రాత్రి షిఫ్టుల్లోకీ రానిస్తోంది. దీన్ని స్వాగతించాలా వద్దా అని స్త్రీల సంఘాల్లో చర్చ జరుగుతోంది. ప్రమాదకరమని స్త్రీలను పనికి దూరం పెట్టే పాత పద్ధతిని సమర్థించడం నాకిష్టం లేదు. ఆ నిషేధం మంచి జీతమున్న పనుల నుంచే స్త్రీలను దూరం పెట్టింది. బాణాసంచా షెడ్డు నుంచి దూరం పెట్టలేదు. ప్రమాదం ఉన్నచోట మార్చవలసింది పని పరిస్థితిని, మనిషిని కాదు. అది మగవాళ్లకూ వర్తిస్తుంది. అయితే సమ్మతి అన్న మాటకు అర్థముండాలి. తాను నిలబడ్డ చోటు జోన్ 1 అని తెలియని స్త్రీ, తన పక్కనున్న ప్యానెల్ మూతకు బోల్టులు లేవని గుర్తుపట్టలేని స్త్రీ, కారుతున్న పైపును చూసి పని ఆపితే కూలి పోతుందని భయపడే స్త్రీ ఏ కాగితం మీద సంతకం పెట్టినా అది సమ్మతి కాదు. తెల్ల కాగితం మీద వేలిముద్ర. ఆపరేషన్ చేసే డాక్టరు విషయంలో మనం ఒప్పుకోని దాన్ని ఫ్యాక్టరీ విషయంలో ఎందుకు ఒప్పుకోవాలి?

చనిపోయిన తర్వాత కూడా తేడాలు పోవు. అచ్యుతాపురం, పాశమైలారం మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించారు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణాసంచా తయారీ చోట పేలుడు జరిగి ఎనిమిదిమంది చనిపోయినప్పుడు ప్రభుత్వం ప్రకటించింది 15 లక్షలు. పెద్ద కంపెనీ గోడల మధ్య పోయిన ప్రాణం, పొలం గట్టు షెడ్డులో పోయిన ప్రాణం ఒకటి కావన్నమాట. పరిహారం దయాదాక్షిణ్యాల మీద నడిచినంత కాలం ఇలాగే ఉంటుంది. అది చట్టబద్ధమైన హక్కుగా, ఒకే కొలతతో రావాలి. పేరు ముందు మస్టరులో ఉండాలి. పేరే లేని మనిషికి చావు కూడా రుజువు చేసుకోవలసిన విషయమవుతుంది.

ఇవన్నీ పాటిస్తే చిన్న పరిశ్రమలు మూతపడతాయనీ, మొదట ఉపాధి పోయేది స్త్రీలకేననీ అంటారు. ఇది తేలిగ్గా కొట్టిపారేయదగిన మాట కాదు. పనిపోతుందన్న భయంతోనే మన సోదరీమణులు నోరు మెదపడం లేదు. చిన్న యూనిట్లకు సరైన పరికరాలు కొనడానికి ప్రభుత్వం అప్పు ఇవ్వవచ్చు, పారిశ్రామిక వాడకొక ఉమ్మడి పరీక్షా కేంద్రం పెట్టవచ్చు. రోడ్లకు, నీటికి, కరెంటుకు పరిశ్రమలకు ఎన్నో రాయితీలిస్తున్న ప్రభుత్వాలకు ఇది భారం కాదు. ఎంత సాయం చేసినా సరిగా నడపలేని షెడ్డు ఉంటే, దాని మూతను ఉపాధి నష్టంగా మాత్రమే లెక్కవేయలేం.

కాబట్టి స్త్రీల సంఘాలు, కార్మిక సంఘాలు కలిసి అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. ఫ్యాక్టరీ జోన్ల పటం గేటు దగ్గర, పని జరిగే ప్రతి గదిలో, తెలుగులోనూ అక్కడ పనిచేసేవారు మాట్లాడే హిందీ, ఒడియా, బెంగాలీ భాషల్లోనూ వేలాడాలి. చదువురాని వారికోసం రంగులతో గుర్తులు పెట్టాలి. కాంట్రాక్టు కార్మికులకు, ఊడ్చేవారికి, ప్యాకింగ్ వారికి పనిలో చేరిన మొదటి రోజే, కూలి కట్టిచ్చి మరీ శిక్షణ ఇవ్వాలి. భద్రతా సంఘంలో ఆ విభాగాల స్త్రీలుండాలి. అపాయం కనిపించి పని ఆపినవారి కూలి కోయకూడదు. నూలు యూనిఫారాలు, స్త్రీల కొలతలకు సరిపోయే బూట్లు యాజమాన్యమే ఇవ్వాలి. ప్రతి విచారణ నివేదికా బాధితుల కుటుంబాలకు వారి భాషలో అందాలి.

వీటిలో ప్రభుత్వం కోసం ఎదురుచూడనక్కరలేనిది ఒకటుంది. తర్వాతి సమావేశంలో ఒక గంట దీనికి కేటాయించండి. మీ ఊరి పారిశ్రామిక వాడలో పనిచేసే స్త్రీలను పిలవండి. సంఘీభావం ఉన్న ఒక ఎలక్ట్రీషియన్‌నో ఇంజనీరునో కూర్చోబెట్టండి. మోటారు మీది రేకును ఎలా చదవాలో, ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెకు బోల్టులు ఎన్ని ఉండాలో, పొడి ఎప్పుడు ప్రమాదమో చెప్పించండి. వాళ్ల ఫ్యాక్టరీలో ఏమేం చూశారో వాళ్ల చేత చెప్పించండి, రాసిపెట్టండి. షార్ట్ సర్క్యూట్ అని ఈసారి ఎవరైనా అన్నప్పుడు, ఏ ప్యానెల్, ఏ జోన్, ఎవరు ఆఖరున బిగించారు అని అడగగలిగిన స్త్రీలు పదిమంది ఉన్నా విచారణ వేరే దారి పడుతుంది.